టీనేజ్‌లో ఒక్కసారిగా లేస్తే కాలు చెయ్యి మెలితిరిగి వణికేవి, ఇప్పుడు మా అబ్బాయిలో అదే చూశాను. ఇదేంటో ఎవరికైనా తెలుసా?

నరసాపురం_కాలవ:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. ఇది ఇరవై ఏళ్ళుగా ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేదు నేను, మా ఆవిడక్కూడా పోయిన వారం దాకా తెలీదు.

నాకిప్పుడు 36. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఉండేది హైదరాబాద్‌లో. ఏడో క్లాసులో ఉండగా మొదలైంది. కాసేపు కదలకుండా కూర్చుని ఒక్కసారిగా లేచానంటే చాలు, ముందు ఎడమ అరికాల్లో జివ్వుమనేది, వెంటనే పాదం లోపలికి తిరిగిపోయి వేళ్ళు ముడుచుకుపోయేవి, అది అలా పైకి పాకి చెయ్యి మోచేతి దగ్గర మడుచుకుని మణికట్టు వంకర తిరిగేది, ఒక్కోసారి మూతి కూడా ఎడమ పక్కకి లాగేసేది. అందరూ వణుకు అనేవాళ్ళు గానీ నిజానికి వణుకూ మెలికా రెండూ కలిసినట్టు ఉండేది. పది పదిహేను లెక్కపెట్టేలోపు అయిపోయేది. ఎప్పుడూ పడిపోలేదు, స్పృహ తప్పలేదు, నాలుక కరుచుకోలేదు. అంతా తెలుస్తూనే ఉండేది, అదే నరకం. సార్ అడిగిన ప్రశ్న వినపడుతుంది, జవాబు తెలుసు, మాట బయటికి రాదు. అయిపోయాక మామూలే, అలసట కూడా ఉండేది కాదు.

ఎప్పుడు వచ్చేదంటే రోల్ నంబర్ పిలిచినప్పుడు, బస్సొచ్చిందని పరిగెత్తబోయినప్పుడు, ల్యాండ్‌లైన్ మోగిందని గబుక్కున లేచినప్పుడు. కబడ్డీలో కూతకెళ్ళే మొదటి అడుగులో వచ్చేది, ఆ అడుగు దాటితే ఇంక గంటసేపు ఆడినా రాదు. నిద్రలో ఎప్పుడూ రాలేదు. మెల్లగా లేస్తే రాదు. ఒకసారి వచ్చి పోయాక ఓ పది నిమిషాల దాకా ఎన్నిసార్లు లేచినా రాదు. ఇవన్నీ నాకు నేనే కనిపెట్టుకున్నా. నా నంబర్ దగ్గరికి వస్తోందంటే బెంచీ కింద కాలు మెల్లగా ఆడించుకుంటూ ఉండేవాణ్ణి, అలా చేస్తే ఒక్కోసారి తప్పేది.

ఇంటర్‌కి విజయవాడలో రెసిడెన్షియల్‌లో వేశారు. అక్కడ బాగా ఎక్కువైపోయింది, రోజుకి పదిహేను ఇరవై సార్లు. బెల్లు కొడితే లేవాలి, లెక్చరర్ వస్తే లేవాలి, స్టడీ అవర్లో వార్డెన్ వస్తే లేవాలి. ఒక లెక్చరర్ తనని వెక్కిరిస్తున్నానని అనుకుని అందరి ముందూ చెంప మీద కొట్టాడు, ఇంటికి ఫోన్ చేయించాడు. నాన్న రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి వచ్చారు. ఆఫీసు రూములో చేతులు కట్టుకుని నిలబడి "ఇంకోసారి చెయ్యడండీ" అన్నారు. నేను చేస్తున్నది కాదు నాన్నా అని నేను అనలేదు. మరి ఎవరు చేస్తున్నారు అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

చూపించలేదని కాదు. ఊళ్ళో ఆర్ఎంపీ నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ సూదులు పొడిచాడు, పది పొడిచాడు. నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది, అది డిగ్రీ అయ్యేదాకా నా చేతికే ఉంది. టౌన్లో పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్తే సీటీ స్కాన్, ఈఈజీ (మెదడులో కరెంటు చూసే పరీక్ష) తీయించి రెండూ నార్మల్, పిల్లాడికి చదువు టెన్షన్ అన్నారు. టెన్షన్ అంటే నేనూ నమ్మాను కొన్నాళ్ళు, నాలోనే ఏదో లోపం ఉందని. 24, 25 వచ్చేసరికి దానంతట అదే తగ్గిపోయింది. ఇప్పుడు ఎప్పుడో రెండు మూడు నెలలకి ఒకసారి కాల్లో జివ్వుమంటుంది, అంతే.

ఇక అసలు విషయం. మా అబ్బాయికి 11. పోయిన ఆదివారం కింద సెల్లార్‌లో లిఫ్ట్ కోసం నిలబడ్డాం, వాడు మెట్టు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే గబుక్కున లేచాడు, కుడి పాదం లోపలికి తిరిగిపోయింది, చెయ్యి మడుచుకుపోయింది, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. తలుపు మూసుకుపోయింది. నేను కదల్లేకపోయాను. వాడు నా వైపు చూసి నవ్వడానికి ట్రై చేశాడు. ఆ నవ్వు నాకు తెలుసండీ, అది నేను ఎన్ని వందల సార్లు నవ్వానో.

అడిగితే మూణ్ణెల్ల నుంచి వస్తోందట, చెప్పలేదు.

ఇది ఏమిటి? ఫిట్సేనా? నా నుంచి వచ్చిందా? ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఏం అడగాలి? నన్ను తిప్పినట్టు వాణ్ణి తిప్పదల్చుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_ఆడబిడ్డ:

అన్నా, మీ నాన్న చేతులు కట్టుకొని నిలవడ్డడని చదివినకాడ కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మా బాపు గూడ నా కోసం గట్లనే తిరిగిండు.

నా ముచ్చట చెప్త, మీది నాది ఒకటేనా కాదా మీరే చూడుండ్రి. నాకు 14 ఏండ్లప్పుడు మొదలైంది. పొద్దున నిద్ర లేచిన అర్ధగంట లోపట చేతులు ఒక్కసారిగ ఎగిరిపడేటియి, ఎవరో ఎనకకెల్లి మోచెయ్యి మీద కొట్టినట్టు. పండ్లు తోముకుంటుంటె బ్రష్ ఎగిరి బావి గడ్డ మీద పడేది. ఒకసారి చాయ్ గిలాస ఎగిరి గోడకు తాకింది, గోడ మీద చాయ్ మరక చానా రోజులుండె. కావాలని ఇసిరికొట్టిన్నని అమ్మ తిట్టింది. పది గంటలైతె ఇగ ఏముండది, బడికి పోయి మంచిగ రాసుకుంటుంటి. అందుకే ఎవ్వలు పట్టించుకోలే.

సద్దుల బతుకమ్మ నాడు రాత్రంత మేలుకున్న, ఆడినం పాడినం, తెల్లారి వాకిలి ఊడ్చుకుంట పడిపోయిన. పూర్తి ఫిట్స్. నాకేం యాదికి లేదు. లేచి చూస్తె చేతిల తాళాల గుత్తి, ముక్కుకాడ ఉల్లిగడ్డ, చుట్టూ వాడకట్టు మొత్తం. ఫస్ట్ చూపించిన దగ్గర మాత్రలిచ్చిండ్రు, అవి ఏసుకున్నంక పెద్ద ఫిట్స్ రాలేదు గని చేతులు ఎగురుడు డబుల్ అయింది. రెండేండ్లు గట్లనే మింగిన. తర్వాత హైదరాబాద్‌ల ఒక న్యూరాలజీ మేడం కూసోబెట్టి ఒక్కటే అడిగింది, "పొద్దున పూట చేతిలకెల్లి వస్తువులు జారిపోతయా?" అని. అంతకుముందు ఎవ్వలు అడగలే అన్నా, ఒక్కలు అడగలే. రాత్రి నిద్ర లేకుంట ఉంచి పొద్దుగాల ఈఈజీ తీసిండ్రు, దొరికింది. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటరు, ఈడొచ్చే వయసుల మొదలై చేతులు ఎగిరిపడే ఒక రకం ఫిట్స్ రోగం. అప్పటిదాంక నేను మింగింది కార్బమజెపిన్, నా రోగంల అది ఎగురుడును ఎక్కువ చేస్తదట. మార్చినంక నెల రోజులకే చాయ్ గిలాస చేతిల నిలిచింది.

ఇప్పుడు లెవెటిరాసెటమ్ మీదున్న. ఇద్దరు పిల్లలు. మొదటోడి కంటె ముందే డాక్టర్ చెప్పి ఫోలిక్ యాసిడ్ ఏయించిండ్రు. ఈ రోగానికి వాల్‌ప్రోయేట్ మంచిగ పని చేస్తది గని కడుపుల బిడ్డకు మంచిది కాదని ఆడపిల్లలకు వీలైనంతవరకు ఇయ్యరు, గది గూడ యాదుంచుకోండ్రి ఎవరన్న అమ్మాయిలు చదువుతుంటె.

మీది నా లెక్క గాదనిపిస్తుంది అన్నా. నాకు లేచుడుతోని సంబంధం లేదు, నిద్రతోని సంబంధం. మీకు తెలివి ఉండంగనే అయింది, కాలు కాన్నుంచి పాకింది. గని ఒక్కటి చెప్త, ఇక్కడ ఎవలన్న ఫలానా మాత్ర ఏసుకో అంటె మాత్రం పిల్లగానికి ఏయకండ్రి. ఒకలకు మందు ఇంకొకలకు ఇసమైతది, నేను రెండేండ్లు తిన్న కాబట్టి చెప్తున్న.

చీరాల_రిటైర్డ్:

బాబూ, నేను స్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను. నీలాంటి కుర్రాడు నా క్లాసులో ఒకడు ఉండేవాడు, లేవమంటే బల్ల పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయేవాడు. భయపడుతున్నాడని అనుకుని కసిరేవాణ్ణి. నీ పోస్టు చదివిన దగ్గర్నుంచి వాడే గుర్తొస్తున్నాడు, మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు వైద్యం తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీస్తామంటే తియ్యనివ్వు, దాంతో నష్టం లేదు, కానీ ఆ వంకతో డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకు.

వైజాగ్_నైట్‌డ్యూటీ:

నేను వైజాగ్‌లో న్యూరాలజీ రెసిడెంట్‌ని. పేషెంట్‌ని చూడకుండా ఇది ఇదే అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన హిస్టరీ మాత్రం చాలా క్లియర్‌గా ఉంది. మా ఓపీలో చాలామంది "కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి సార్" అనే ఒక్క ముక్క చెప్పి ఆగిపోతారు.

ఒక్కసారిగా కదిలితే వస్తుంది, ముందు జివ్వుమనే వార్నింగ్, ఒక పక్క కాలు చెయ్యి మెలితిరగడం, నిమిషం లోపే అయిపోవడం, స్పృహ ఉండటం, ఏడో క్లాసు వయసులో మొదలై ఇరవైలు దాటాక తగ్గడం, ఈఈజీ నార్మల్. ఇవన్నీ కలిపి చూస్తే మాకు మొదట తట్టేది పారాక్సిస్మల్ కైనసిజెనిక్ డిస్కైనీసియా, పొట్టిగా పీకేడీ అంటాం. పేరు చూసి భయపడకండి, అప్పుడప్పుడూ ఉన్నట్టుండి, కదలిక వల్ల, కండరాలు అదుపు తప్పడం అని మాత్రమే దాని అర్థం. అరుదైనదే, కానీ ఎక్కువమందికి గుర్తుపట్టరు కాబట్టి కూడా ఇంకా అరుదుగా కనిపిస్తుంది. ఫిట్స్ అని కొందరు, టెన్షన్ అని కొందరు, యాక్టింగ్ అని కొందరు. మీకు చివరి రెండూ జరిగినట్టున్నాయి.

మీ అమ్మగారిని ఒకటి అడగండి, మీరు పుట్టిన మొదటి ఏడాదిలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని. ఎందుకంటే ఈ జబ్బుకి ముఖ్యమైన జీన్ పీఆర్‌ఆర్‌టీ2, 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 2011లో చైనా పరిశోధకులు అక్కడి కుటుంబాల్లో కనిపెట్టారు. పసిపిల్లలకి మొదటి ఏడాదిలో వచ్చి రెండేళ్ళలోపు వాటంతటవే ఆగిపోయే ఒక రకం ఫిట్స్‌కి కూడా ఇదే జీన్ కారణం అని తర్వాత తెలిసింది. ఒకే ఇంట్లో ఒకరికి పసితనంలో ఫిట్స్, ఇంకొకరికి టీనేజ్‌లో ఈ మెలికలు, ఇంకొకరికి మైగ్రేన్ తలనొప్పి ఉండొచ్చు, కొందరికి ఫిట్స్, మెలికలు రెండూ ఉండొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ మార్పు ఉంటే పిల్లలకి వచ్చే ఛాన్స్ సగానికి సగం, వచ్చినా కొందరిలో ఏ లక్షణాలూ కనపడవు.

బాబుని పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించండి. వెళ్ళేముందు ఫోన్లో వీడియో తియ్యండి, ముఖం నుంచి పాదాల దాకా ఫ్రేమ్‌లో ఉండాలి, మొదలయ్యే ముందు నుంచి తీస్తే ఇంకా మంచిది, అందులో వాడితో మాట్లాడించండి. స్పృహ ఉందా లేదా అనేది పది పేజీల రిపోర్టు కంటే ఆ వీడియోలోనే బాగా తెలుస్తుంది. డాక్టర్ ఈఈజీ, ఎమ్మారై, రక్తంలో కాల్షియం, షుగర్, థైరాయిడ్ రాయొచ్చు. కాల్షియం టెస్ట్ మాత్రం వదలొద్దు. పారాథైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యక కాల్షియం పడిపోయిన వాళ్ళలో కూడా అచ్చం ఇలాంటివే వస్తాయి, దానికి ట్రీట్‌మెంట్ పూర్తిగా వేరు.

మందు విషయానికొస్తే, పై అక్క చెప్పింది అక్షరాలా నిజం. పీకేడీకి మొదట ఇచ్చేది ఆ కార్బమజెపినే, ఫిట్స్‌కి ఇచ్చే దానికంటే చాలా తక్కువ డోసు సరిపోతుంది, కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అదే మాత్ర అక్కకి ఉన్న జబ్బులో జర్క్‌లని పెంచుతుంది. అందుకే ముందు ఏ జబ్బో తేలాలి. ఇంకొకటి, ఆ మందుతో చాలా కొద్దిమందికి ఒళ్ళంతా పొక్కులు లేచే ప్రమాదకరమైన రియాక్షన్ వస్తుంది, మన ఆసియా వాళ్ళలో ఆ రిస్క్ ఎవరికి ఎక్కువో ముందే చెప్పే హెచ్‌ఎల్‌ఏ రక్తపరీక్ష ఉంది, చేయించాలా అని డాక్టర్‌ని అడగండి. మొదలుపెట్టాక మొదటి రెండు మూడు నెలల్లో దద్దుర్లు, నోట్లో పుళ్ళు, జ్వరం, కళ్ళు ఎర్రబడటం ఏది కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గర ఉండాలి.

అక్కా, మీ తాళాల గుత్తి గురించి కూడా ఒక మాట. ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టడం, నోట్లో స్పూన్ పెట్టడం, నీళ్ళు పొయ్యడం ఏదీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టండి, వాచీ చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి.

డాలస్_గుంటూరోడు:

బ్రో నేను ఇది చదువుతూ రెండుసార్లు లేచి ఇంట్లో అటూ ఇటూ నడిచా. నాకు అదే. అచ్చం అదే. నాది కుడి పక్క. నా వయసు 33, నాకు 13లో స్టార్ట్ అయింది.

నాకు క్రికెట్ పిచ్చి. నాన్ స్ట్రైకర్‌గా నిలబడి ఉంటా, స్ట్రైకర్ యెస్ అని అరుస్తాడు, మొదటి అడుగు వేస్తా, కాలు మెలితిరుగుతుంది, పిచ్ మధ్యలో కొయ్యలాగా నిలబడిపోతా, రన్ ఔట్. ఎన్ని సార్లో లెక్కలేదు. వీడికి పరిగెత్తడానికి బద్ధకం అని టీమ్‌లోంచి తీసేశారు. నేను అలా నిలబడి ఉన్నచోటే మెల్లగా గెంతుతూ ఉంటే రాదని తర్వాత కనిపెట్టా, అప్పటికి టీమ్ లేదు. నువ్వు బెంచీ కింద కాలు ఆడించుకునేవాణ్ణి అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయా బ్రో. ప్రపంచంలో నేనొక్కడినే ఆ పని చేస్తాననుకున్నా.

ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చాక 26లో తెలిసింది. ఆఫీసులో ఫైర్ డ్రిల్ బెల్లు మోగింది, అందరూ లేచారు, నేను లేచి టేబుల్ మీదకి ఒరిగిపోయా, వాళ్ళు ఫిట్స్ అనుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వేరే ఏవో కబుర్లు చెప్పి చెప్పి మధ్యలో టక్కున లేచి తలుపు దాకా పరిగెత్తు అంది. వచ్చింది. ఆవిడకి ఇంకేం అవసరం లేకపోయింది. రాత్రి పూట 100 ఎంజీ కార్బమజెపిన్. మొదటి రెండ్రోజులు తల తిరిగింది, మత్తుగా ఉంది. నాలుగో రోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని ఒక్కణ్ణే కూర్చున్నా. అయిదు నిమిషాలు కూర్చోవడం, లేచి కారు దాకా పరిగెత్తడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఇరవై సార్లు. ఒక్కసారి కూడా రాలేదు. ఇరవయ్యోసారి కారు మీద చేతులు పెట్టుకుని ఏడ్చేశా.

నాకు పనిచేసింది అని చెప్తున్నా అంతే, డాక్టర్ చూడకుండా బాబుకి ఏదీ ఇవ్వకు, పైన వాళ్ళు చెప్పింది కరెక్ట్. ఇంకో మాట, వాడికి నీకూ ఉందని ఈ రోజే చెప్పు. పరీక్షలయ్యాక చెప్దాం, మందు పనిచేశాక చెప్దాం అని ఆపకు.

అనంత_అమ్మ:

మీ అబ్బాయిది ఇది కాకపోవచ్చు, అయినా వణుకు అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. మా పాపకి 16, హాస్టల్లో చదువుతుంది. తనకి వస్తే ఇరవై నిమిషాలు, అరగంట ఉంటుంది, కళ్ళు గట్టిగా మూసుకుని తల అటూ ఇటూ తిప్పుతూ ఒళ్ళంతా ఊగిపోతుంది. ఫిట్స్ మందులు రెండు రకాలు మార్చినా తగ్గలేదు. బెంగళూరులో మూడ్రోజులు అడ్మిట్ చేసుకుని కెమెరా, ఈఈజీ రెండూ పెట్టి చూశారు, వణుకుతున్న టైంలో కూడా మెదడులో ఫిట్స్ కరెంటు ఏమీ లేదు. ఫంక్షనల్ సీజర్స్ అన్నారు. మేము నాటకమా అని అడిగితే ఆ డాక్టరమ్మకి కోపం వచ్చింది, పాప చేతిలో లేదు ఇది, నిజంగా వస్తుంది, కాకపోతే దీనికి మాత్ర కాదు, మాట్లాడే వైద్యం కావాలి అంది. ఎనిమిది నెలలుగా కౌన్సెలింగ్‌కి తీసుకుపోతున్నాం. వారానికి నాలుగు వచ్చేవి నెలకి ఒకటికి తగ్గాయి. హాస్టల్ మాన్పించాం.

మీ నాన్నగారి లాగే మేమూ హాస్టల్ ఆఫీసులో నిలబడి మా పాప ఇంక చెయ్యదు అని చెప్పి వచ్చినవాళ్ళమే. అందుకే రాయాలనిపించింది.

నరసాపురం_కాలవ:

మూడు వారాలైంది, అందరికీ చెప్పాలని వచ్చాను.

ముందు అమ్మకి ఫోన్ చేశాను. చిన్నప్పుడు నాకేమైనా ఫిట్స్ వచ్చాయా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆరో నెలలో వచ్చాయట, రెండ్రోజుల్లో అయిదారుసార్లు, కళ్ళు తేలేసి ఒళ్ళు బిగుసుకుపోయేవాణ్ణట. భీమవరం పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే గార్డినాల్ సిరప్ ఇచ్చారట, ఏడాది పాటు పోశారట, మళ్ళీ రాలేదట. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే "పెళ్ళి సంబంధాలకి అడ్డొస్తుందని మీ నాయనమ్మ ఒట్టేయించుకుందిరా" అంది. సీటీ స్కాన్ తీయించిన రోజు ఆ డాక్టర్ గారు చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా అని అడిగారు, అది నాకు గుర్తుంది. లేదని చెప్పింది అమ్మే. నాకు కోపం రాలేదు. ఆవిడ ఏడుస్తుంటే ఎలా వస్తుంది.

అబ్బాయిని పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించాం. వీడియో రెండు తీసుకెళ్ళాను, అయినా ఆయన కళ్ళారా చూస్తానన్నారు. వాణ్ణి వరండాలో బెంచీ మీద పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, అటు చివర నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలిచారు. వాడు లేచాడు. వచ్చింది. 12 సెకన్లు. వస్తుండగానే దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి "ఈ రోజు ఏం వారం నాన్నా" అని అడిగారు, వాడు మూతి వంకర పోతూనే "బు... బుధ" అన్నాడు. ఆయన వాడి భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఏ తప్పూ చెయ్యట్లేదు, ఇది నీ చేతిలో లేదు, తెలిసిందా" అన్నారు. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను కాసేపు.

ఎమ్మారై, ఈఈజీ, కాల్షియం అన్నీ బాగున్నాయి. పీకేడీ అనే అన్నారు. జీన్ టెస్ట్ కావాలంటే చేయించుకోవచ్చు, ట్రీట్‌మెంట్‌కి దానికోసం ఆగక్కర్లేదు అన్నారు, ఇప్పటికి వద్దనుకున్నాం. హెచ్‌ఎల్‌ఏ రిపోర్ట్ వచ్చాక చిన్న డోసు మొదలుపెట్టారు. ఈ రోజుకి పది రోజులు. ఆరు రోజుల నుంచి ఒక్కటి కూడా రాలేదు, ఒంటి మీద దద్దుర్లు ఏమీ లేవు, రోజూ స్నానం చేయించేటప్పుడు వీపు చూస్తున్నాను. నా గురించి అడిగితే ఇప్పుడు మీకు ఇబ్బంది పెట్టట్లేదు కాబట్టి మందు అక్కర్లేదు అన్నారు.

డాలస్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ఆ రాత్రే వాడికి చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత "నీకూ జివ్వుమంటుందా? ఎక్కడ?" అన్నాడు. ఎడమ అరికాల్లో అన్నాను. "నాకు కుడి" అన్నాడు. ఇంక పడుకోకుండా ప్రశ్నలు, నువ్వు ఏం చేసేవాడివి, స్కూల్లో ఎవరికైనా తెలుసా, బెంచీ కింద కాలు ఎలా ఆడించేవాడివి చూపించు అని. మంచం చివర కూర్చుని ఇద్దరం కాళ్ళు ఆడించాం. వాడు కూడా అదే చేస్తున్నాడట, వాడు వేళ్ళు మాత్రమే కదుపుతాడట షూ లోపల, బయటికి కనపడకుండా.

నాన్నకి కూడా ఫోన్ చేశాను. ఆయనకి ఇప్పుడు 68. మనవడికి ఇలా ఉంది, నాకూ ఇదే ఉండేది, దీనికో పేరుంది, మందుంది అని అంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే విజయవాడలో ఆ రోజు నువ్వు చెయ్యలేదన్నమాట" అన్నారు. లేదు నాన్నా అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, ఫోన్ అమ్మకి ఇచ్చేశారు. సాయంత్రం మళ్ళీ ఆయనే చేశారు, మాత్ర ఖరీదెంత, డబ్బులు పంపనా అని. పెద్ద ఖరీదేం కాదు నాన్నా అన్నాను, అయినా పంపించారు.

ఒక్క డౌట్ మిగిలింది. స్కూల్లో ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? జబ్బు అంటే ఆటల్లోంచి తీసేస్తారేమో అని వాడి భయం. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

వైజాగ్_నైట్‌డ్యూటీ:

చాలా సంతోషం సార్. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు, దద్దుర్లు చూడటం ఇంకో రెండు నెలలు కంటిన్యూ చెయ్యండి. జ్వరానికో దగ్గుకో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మాత్ర వాడుతున్నాడని తప్పకుండా చెప్పండి, ఎరిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ దీని మోతాదుని ఒంట్లో పెంచేస్తాయి. ఆటలకి ఏ అడ్డూ లేదు, అదే మాట మీ డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ఓరుగల్లు_ఆడబిడ్డ:

అన్నా, ఆ కాయితం ప్రిన్సిపాల్‌కు ఇచ్చి ఊకోకండ్రి, అది ఫైల్ల పడి ఉంటది. క్లాస్ టీచర్‌ను, పీఈటీ సార్‌ను ఇద్దరిని కూసోబెట్టి ఆ వీడియో చూపెట్టుండ్రి, బాబు పక్కన ఉండంగ కాదు. గిట్లొస్తె పదిహేను సెకన్లు ఏమనకుండ ఆగుండ్రి, తర్వాత వాడే జవాబు చెప్తడు అని చెప్పుండ్రి. నా బిడ్డ బడిల నేను గట్లనే చేసిన, నాకెప్పుడన్న పేరెంట్స్ మీటింగ్‌ల ఏమన్న అయితదని. ఆ టీచర్ ఫోన్‌ల నంబర్ ఎక్కించుకుంది, మా ఆయనది.